ఎండ తగిలే చోటు

మగ్గం గుడ్డను మునిలక్ష్మి ముట్టుకోకుండానే గుర్తుపడుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆమె వంక దగ్గర్నుంచి వచ్చి, ఆరిన బట్టల మూట అరుగు మీద దించి, తల వంచి లోపలికి చూసేసరికి ఇల్లంతా నగరి మగ్గాల తెల్లగుడ్డ పరిచి ఉంది. నేతలో దారం తప్పి, అంచు వంకర పోయిన గుడ్డ, దుకాణానికి ఎక్కనిది. దాని మధ్యలో కూతురు అమల కాళ్లు మడుచుకుని కూర్చుని కత్తెరతో కోస్తోంది. కోసిన ముక్కలన్నీ ఒకే కొలత. ఒక ముక్క తీసి నాలుగు మడతలు వేసి, అరచేత్తో నిమిరి, పక్కనున్న దొంతర మీద పెట్టింది.

ఆ మడత చూడగానే మునిలక్ష్మికి సంగతి తెలిసిపోయింది. ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఇళ్ల దొడ్డివాకిళ్ల దగ్గర ఎత్తుకొచ్చిన మైలమూటల్లో ఆమె విప్పుతూ వచ్చిన మడత అదే.

"ఎవురికి మే ఇవి?"

"బళ్లో ఆడపిల్లోళ్లకిమా."

మునిలక్ష్మి గడప దాటకుండా అక్కడే నిలబడింది. వడమాలపేట నుంచి పుత్తూరు పోయే దారిలో, రోడ్డుకు ఎడమపక్కగా మైలున్నర లోపలికి ఉండే ఊరు వాళ్లది. ఊరి బడిలో ఏడో తరగతి వరకూ ఉంది. ఇంటరు పాసయిన అమలకు నిరుటి నుంచి ఆ బళ్లో విద్యావలంటీరు పని. మెడలో చిన్న బ్యాగు తగిలించుకుని పొద్దున్నే కూతురు బడికి పోతుంటే, మునిలక్ష్మి ఏదో పని కల్పించుకుని వీధిలోకి వచ్చి చూసేది.

"ప్రశాంతి తెలుసు గదా, ఇటికెల బట్టీ కాడ తిరుమలమ్మ కూతురు," అంది అమల కత్తెర ఆపకుండా. "ఏడో తరగతి. పోయిన నెల నాలుగు దినాలు రాలే. ఈ నెలా రాలే. వచ్చే నెల దాటితే పబ్లిక్ పరీచ్చలు. ఏందబ్బా అని శుక్రవారం సాయంత్రం వాళ్ల గుడిసె కాడికి పోయినా."

"పోతే?"

"కింద ఇసక పోసి, దాని మింద గోనెపట్ట ఏసుకోని కూసోనుండాది. లెయ్యదు. ఎంత పిల్సినా లెయ్యదు." కత్తెర ఆగింది. "తల్లికీ బిడ్డకీ కలిపి ఉండేది ఒకటే పాతచీర తుంటమా. ఇద్దురికీ ఒకేసారి వస్తే, తల్లి బట్టీ పనికి పోవాల గదా, తల్లి కట్టుకుంటాది. బిడ్డ ఇసకలో కూసుంటాది."

మునిలక్ష్మి కొంగుతో మెడ తుడుచుకుంది. మెడ మీద చెమట లేదు.

"అదొక్కతే కాదు. ఏడో తరగతిలో ఆరుమంది. ఆరుమందీ నెలకి నాలుగు దినాలు మాయం. మా హెడ్మాస్టరు రాజారత్నం సార్‌ని అడిగితే కిటికీలోంచి బయటికి సూసినాడు. 'ఆడోళ్ల సంగతి, నువ్వే ఏమన్నా సూడమ్మా' అన్యాడు. అందుకే నిన్న నగరికి పోయి కుప్పుస్వామి మామని అడిగినా. మగ్గాల షెడ్డులో మూలన పడేసిన గుడ్డంట, ఎత్తుకోని పొమ్మన్యాడు."

"నువ్వు సదువుకునింది దీనికేనా?"

"మా..."

"ఊరోళ్ల మైలగుడ్డలు నేను ముడితే సాలు, నా బిడ్డ ముట్టగూడదని సదివించినా. సదివి సదివి మళ్లా ఈ గుడ్డల కాడికే వచ్చినావా?"

"ఇవి మైలగుడ్డలు కాదుమా. కొత్త గుడ్డలు."

"ఈ పొద్దు కొత్తవి," అంది మునిలక్ష్మి.

అమల ఏడేళ్లప్పుడు ఒకసారి, తల్లికి బరువవుతుందని ఒక దొడ్డివాకిట్లో ఉన్న చిన్నమూటను తానే ఎత్తుకుంది. మునిలక్ష్మి కూతుర్ని కొట్టింది ఆ ఒక్కరోజే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే. మునిలక్ష్మి అరుగు మీద కూర్చుని మూట విప్పి, జీడిగింజ రసంతో పెట్టిన గుర్తులు చూసుకుంటూ ఏ ఇంటివి ఆ ఇంటికి వేరు చేయడం మొదలుపెట్టింది. రెండు చుక్కలు పెద్దింటివి, అడ్డగీత కరణం ఇంటివి. లోపల కత్తెర చప్పుడు మళ్లీ మొదలైంది. పొద్దు వాలేదాకా ఆగలేదు.

సాయంత్రం వడమాలపేట క్రాసు దగ్గర ఇస్త్రీ పని కట్టేసి, బండి తోసుకుంటూ ఏకాంబరం ఇంటికొచ్చాడు. గుడ్డల దొంతర చూశాడు, పెళ్లాం మొహం చూశాడు. కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. ఆయన పద్ధతి అది. ఏ మాటైనా ఇస్త్రీపెట్టె వేడెక్కినట్టు నిదానంగా రావాలి.

అమల మాత్రం అన్నం తిన్నాక కూడా కూర్చుని, ఒక్కో జత మూలలో ఒక్కో రంగు దారంతో చిన్న గుర్తు కుట్టింది. ప్రశాంతికి ఎర్రదారం. కలగలిసి పోకుండా ఉండాలని. ఆ ఒక్క ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో మునిలక్ష్మికి తెలుసు. తెలిసి, మొహం అటు తిప్పుకుంది.

మంగళవారం పొద్దున మునిలక్ష్మి పెద్దింటికి బట్టలకు పోయింది. ఊళ్లో అరవై ఎకరాల మామిడితోటా, వరిమళ్లూ ఉన్న ఇల్లు అది. ఇంటి పెత్తనం నిర్మలమ్మది. చెడ్డ మనిషి కాదు. అమలకు బళ్లో పని వచ్చిందని తెలిసిన రోజు పిలిచి కొత్త చీర చేతిలో పెట్టిన మనిషి. కొట్టంలో గంపెడు బట్టలు లెక్కపెట్టి వేస్తూ, నవ్వుతూనే అడిగింది.

"మునిలచ్చిమీ, మీ అమల బళ్లో ఆడబిడ్డలకి ముట్టుగుడ్డలు పంచిపెట్టిందంటనే నిన్న?"

"అవునమ్మా."

"ఎంత సదివితే ఏమిలే. పుట్టుకతో వచ్చిన పని యాడికి పోతాది." నిర్మలమ్మ దుప్పటి ఒకటి మడిచి గంపలో వేసింది. "మంచిదేలే. పాపం ఆ బట్టీల కాడి పిల్లోళ్లకి ఎవురుండారు."

మునిలక్ష్మికి ఏదో అనాలనిపించింది. నిర్మలమ్మ అన్నదాంట్లో తిట్టు లేదు, తిట్టుంటే బదులు చెప్పొచ్చు. గంప నెత్తికెత్తుకుని వెనకగా వచ్చింది. దొడ్డివాకిలి పక్కన, గోడవారన, పాత లుంగీ ముక్కలో కట్టిన చిన్నమూట ఎప్పటిలాగే ఉంది. నిర్మలమ్మవో, కోడలివో. అడిగేది లేదు, చెప్పేది లేదు. వంగి దాన్ని ఎడమచేత్తో ఎత్తుకుంది. వంక దాకా దారిపొడుగునా గంప బరువు తెలియలేదు. ఆ చిన్నమూట పట్టుకున్న చెయ్యి మాత్రం లాగింది.

ఆ రాత్రి అమల సంతోషంగా ఉంది. సోమవారం మధ్యాహ్నం భోజనం బెల్లులో పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, ఎట్లా వాడుకోవాలో చెప్పిందట. ముందు నవ్వారట, తర్వాత ఒకరి వెనక ఒకరు దాక్కున్నారట, చివరికి గుడ్డలు తీసుకుని పుస్తకాల మధ్య దాచుకున్నారట. ఈ రెండు రోజులూ ప్రశాంతి కూడా బడికొచ్చిందట. మునిలక్ష్మి వింటూ పొయ్యిలో కట్టెలు ఎగదోసింది.

గురువారం సాయంత్రం బడి వదిలి గంటయినా అమల ఇంటికి రాలేదు. పొద్దు ఇంకా కొండ దిగలేదు. వంక గట్టు మీద ఆరేసిన దుప్పట్లు తెచ్చుకుందామని మునిలక్ష్మి బయల్దేరింది. ఆ ఏడు వానలు బాగా పడి మాఘమాసంలో కూడా వంకలో మోకాటి లోతు నీళ్లున్నాయి. రేవుబండల దగ్గర పొగ లేస్తోంది. మూడు రాళ్లు పెట్టి, ఎవరో దబర ఎక్కించి నీళ్లు కాస్తున్నారు.

దగ్గరికి వచ్చాక చూసింది. అమల. చుడీదార్ కాళ్లు పైకి మడిచి, నీళ్లలో కూర్చుని, తల్లి బండ మీదే, గుడ్డలు రుద్దుతోంది. పక్కన ప్లాస్టిక్ బకెట్టులో ఇంకా ఉన్నాయి. మూలల్లో పచ్చదారం, నీలిదారం, ఎర్రదారం.

మునిలక్ష్మి నీళ్లలోకి దిగింది. చీర తడుస్తున్నదన్న ధ్యాస లేదు. కూతురి మణికట్టు పట్టుకుని పైకి లాగింది.

"లెయ్. లెయ్ ఆడ్నించి!"

"మా, వదులు. చెప్పేది విను..."

"ఏంది వినేది? ఎవురివి ఇవి? ఊరోళ్ల బిడ్డలవి గదా? నీ చేత్తో, నీ చేత్తోనా..."

అమల చెయ్యి విడిపించుకోలేదు. "గుడ్డలిచ్చినా గానీ లాభం లేదుమా," అంది. ఏడుపు గొంతుతో అంది. "ప్రశాంతి నిన్న మళ్లా రాలే. పోయి సూస్తే తొడలంతా ఒరుసుకోని పోయి నడవలేకుండా ఉండాది. గుడ్డలు యాడ అంటే సూరుకింద కవర్లో సుట్టి పెట్టింది. తడివి తడివిగానే. ముక్కిపోయి వాసనొస్తా ఉండాయి. ఈ వారం వాడినోళ్లందురూ అంతే. ఒకతె గడ్డివామిలో దాపెట్టింది, ఒకతె పెట్టె కింద. ఎండలో వెయ్యమంటే సిగ్గంటారు. సరిగ్గా ఉతికేది తెలీదు. మీరు తెచ్చియ్యండి, ఈ తూరికి నేను ఉతికిస్తానని చెప్పినా."

మునిలక్ష్మి పట్టు వదిలింది. బండ మీద ఉన్న గుడ్డను చూసింది. ఎర్రదారం గుర్తుది. దాని మధ్యలో మరక గోధుమరంగుకు తిరిగి, నేతలోకి ఇంకిపోయి ఉంది.

"దీని మింద ఉడుకునీళ్లు పోసినావా?"

"పోసినా. క్రిములు సావాల గదా."

"నెత్తురు మరక మింద ముందే ఉడుకునీళ్లు పోస్తారా ఎవురైనా!" మునిలక్ష్మికి కోపం మీద ఇంకో కోపం వచ్చింది. ఇది వేరే కోపం. చెడ్డ ఉతుకు చూస్తే ఆమెకెప్పుడూ వచ్చే కోపం. "కరుసుకోని పోతాది. ఇంగ జన్మలో పోదు. ముందు సన్నీళ్లు. సన్నీళ్లలో రోంత ఉప్పేసి నానబెట్టి, మరక వదిలినాక సబ్బు. ఉడుకునీళ్లు ఆఖర్న. ఈ మాత్రం తెలీదా?"

"నాకెట్లా తెలుస్తాదిమా?" అంది అమల. "ఒక్క దినమన్నా ఈ బండ దగ్గరికి రానిస్తివా నువ్వు?"

వంకలో నీళ్లు బండను రాసుకుంటూ పోతున్నాయి. అవతలి గట్టున మేకలు తోలుకుపోతున్న మనిషి ఒకసారి ఇటు చూసి పోయాడు. మునిలక్ష్మి తన బండ మీద కూర్చుంది. ఎర్రదారం గుడ్డ చేతిలోకి తీసుకుంది. రెండు చేతుల్లో పట్టేంత గుడ్డ. ఇరవై ఏళ్లలో ఇలాంటివి ఎన్ని ఉతికిందో లెక్క లేదు. కట్టుకున్న మనిషి ఎట్లా ఉందో, నొప్పితో ఉందో, నడవగలిగిందో ఏనాడూ అనుకోలేదు. మూట కట్టి పెట్టేవాళ్లూ ఉతికేవాళ్ల గురించి అనుకుని ఉండరు. ఇది పన్నెండేళ్ల పిల్లది. ఇసకలో కూర్చున్న పిల్లది.

"ఉప్పుండాదా నీ కాడ?"

"లేదు."

"పోయి ఇంట్లోనించి ఎత్తుకోని రాపో. దోసెడు ఉప్పు. ఆ సబ్బు పారేసి నా నల్లసబ్బు కూడా తే."

అమల పరుగెత్తింది. వచ్చేసరికి తల్లి బకెట్టులో గుడ్డలన్నీ చన్నీళ్లలో ముంచి పెట్టింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మునిలక్ష్మి ఒక గుడ్డ ఉతికింది, ఒక్కటే. గట్టిగా బాదలేదు. బొటనవేళ్లతో మధ్యలోంచి అంచుల వైపు తోసుకుంటూ మురికినీళ్లు పిండింది. రెండోది అమల చేతికిచ్చి, మూడోది కూడా ఇచ్చి, చూస్తూ కూర్చుంది. "అట్ల కాదు, ఏళ్లతో. ఆఁ. నేత దిక్కుకి తొయ్యి. అడ్డంగా తోస్తే సినుగుతాది."

ఆఖరిది పిండేసరికి ఎండ ఎర్రబారింది.

"ఈ పొద్దుకి అయిపాయ," అంది మునిలక్ష్మి లేస్తూ. "రేపట్నించి ఇవి నువ్వు గానీ నేను గానీ ముట్టేది లేదు. ఎవురివి వాళ్లు ఉతుక్కోవాల."

"వాళ్లకి ఎవురు నేర్పిస్తారుమా? నాకే తెల్లేదు."

మునిలక్ష్మి తడిచీర కుచ్చిళ్లు పిండుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు పిండుకుంది.

"నేనొస్తా," అంది.

శుక్రవారం పొద్దున ఆమె పెట్టెలోంచి తీసి దండెం మీద వేసుకున్న ఆకుపచ్చ నూలుచీర స్నానం చేసి వచ్చేసరికి కనబడలేదు. వీధిలోకి చూస్తే ఏకాంబరం ఇస్త్రీబండి కదిలించే ముందు, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి, ఆ చీర పరిచి రుద్దుతున్నాడు. అంచు దగ్గర నీళ్లు చిలకరించి, మడత మీద మడత వేసి, పెట్టెను నిదానంగా లాగాడు. ఊరందరి బట్టలూ ఆ బండి మీద ఇస్త్రీ అయ్యాయి. మునిలక్ష్మి చీర ఎన్నడూ కాలేదు. అడగాలని ఆమెకు తోచలేదు, చేయాలని ఆయనకు తోచలేదు.

"ఎందుకట్ల పొద్దున్నే బొగ్గులు వేస్టు?" అంది.

"బడికి పోతా ఉండావు గదమ్మే," అన్నాడు ఏకాంబరం. వేడి చీర ఆమె చేతిలో పెట్టి బండి తోసుకుని వెళ్లిపోయాడు.

బడి గేటు దగ్గర మునిలక్ష్మి నిలబడిపోయింది. అమలను చేర్పించిన రోజున కూడా వరండా కింద నిలబడే పేరు చెప్పింది. ఇప్పుడు రాజారత్నం సారు ఆఫీసుగదిలో కుర్చీలోంచి లేచి బయటికి వచ్చాడు. బక్కపల్చని మనిషి, ఎప్పుడూ చాక్‌పీసు పొడి అంటిన చేతులు.

"రామ్మా, అమల చెప్పింది," అన్నాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. "పోయిన ఏడు కట్టిన మరుగుదొడ్డి. నీళ్లు లేక గలీజవుతుందని తాళం పెట్టినా. తప్పే చేసినా. ఈ చెవి ఇంగ అమల కాడే ఉంటాది. నీళ్లు మోయడానికి రెండు బిందెలు కూడా పెట్టిస్తా." మునిలక్ష్మి మొహం చూడటానికి సిగ్గుపడుతూ తాళంచెవి అమలకు అందించాడు. తర్వాత వెళ్లి ఈల ఊది, మగపిల్లలందరినీ బడి ముందు పక్కకు ఆటలకు తోలాడు. మధ్యాహ్నం బెల్లు దాకా ఆయన ఆ పక్కనే ఉన్నాడు.

బడి వెనక చేతిబోరు ఉంది. ఆరుగురు ఆడపిల్లలు దాని చుట్టూ, ఒకరి భుజం వెనక ఒకరు నిలబడ్డారు. ప్రశాంతి అందరికన్నా వెనక. మునిలక్ష్మి కొంగు నడుముకు దోపుకుంది. పనిలోకి దిగితే మాట దానంతటదే వస్తుందని బకెట్టు బోరు కింద పెట్టింది.

"కొట్టు మే," అంది ప్రశాంతితో.

పిల్ల వచ్చి బోరు కొట్టింది. నీళ్లు పడ్డాయి.

"సన్నగా ఉండావు గానీ బాగనే కొడతా ఉండావే. సాలు. ఇప్పుడు సూడండి. ఇది ఏమన్నా సంపి తెచ్చిన రగతమా? దెబ్బ తగిలి వచ్చిన రగతమా? మీ అమ్మకి వచ్చింది, మా అమ్మకి వచ్చింది. మీరు పుట్టింది దాన్నించే. ముందు ఇది సన్నీళ్లలో ముంచాల..."

చన్నీళ్లు, ఉప్పు, సబ్బు, చన్నీళ్లు, చివర్న ఉడుకునీళ్లు. ఆమె ఒకసారి చేసి చూపించింది. తర్వాత ఎవరి గుడ్డ వాళ్ల చేతికిచ్చింది. మొదట వేళ్లకొసలతో పట్టుకున్నారు. కాసేపటికి నీళ్లు చిమ్ముకున్నారు. ఇంకాసేపటికి ఒకతె ఇంకొకతె పిండింది సరిగా లేదని వంక పెట్టింది. మునిలక్ష్మి వాళ్ల మధ్య కూర్చుని, అమల లోపల చిన్న తరగతికి పాఠం చెబుతున్న గొంతు వింటూ, పిల్లల చేతులు చూసింది.

ఆరేయడం దగ్గర అందరూ ఆగిపోయారు. కానుగచెట్టు నుంచి గది కిటికీ కమ్మీ దాకా రాజారత్నం సారు కట్టించిన తీగె ఉంది. చుట్టూ గోడ, ఎదురుగా కొండ. అయినా ఎవరూ కదల్లేదు.

"ఎవురన్నా సూస్తారు అత్తా," అంది ప్రశాంతి. ఆ పొద్దు ఆ పిల్ల నోటినుంచి వచ్చిన మొదటి మాట.

"సూస్తే ఏమంటారు?"

పిల్ల ఆలోచించింది. "గుడ్డ అంటారు."

"మరి గుడ్డే గదా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకింది. ప్రశాంతి వచ్చి ఎర్రదారం గుడ్డను తీగె మీద వేసి, మడత లేకుండా లాగి, రెండుచేతులా సర్దింది. నడక ఇంకా కొంచెం ఇబ్బందిగానే ఉంది. అమల ఇచ్చిన కొబ్బరినూనె రాసుకున్నానని చెప్పింది. మిగతావాళ్లూ ఆరేశారు. మాఘమాసపు ఎండ సూటిగా తీగె మీద పడుతోంది.

మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి గుడ్డలు పెళపెళలాడాయి. మునిలక్ష్మి ఒకటి తీసి ప్రశాంతి చెంపకు ఆనించింది. పిల్ల కళ్లు పెద్దవి చేసి, దాన్ని తానే పట్టుకుని మళ్లీ చెంపకు పెట్టుకుంది.

అప్పుడొచ్చింది తిరుమలమ్మ. ముంజేతుల దాకా ఇటికెల దుమ్ము, తలకు చుట్టిన తువ్వాల ఇంకా విప్పలేదు. బట్టీలో అన్నం వేళకు వదిలితే నేరుగా పరుగెత్తుకొచ్చినట్టుంది. గోడ మూల దగ్గర నిలబడి తీగెను చూసింది, కూతుర్ని చూసింది.

"పాప చెప్పిందక్కా, నువ్వొస్తావని," అంది మునిలక్ష్మితో. "అడగడానికి బాగుండదు గానీ... బిడ్డకిచ్చినారు. నాకు గూడా ఒక జత ఉంటే..." అని నాలుక కరుచుకుని నవ్వేసింది. ఆ నవ్వుకు పదేళ్లు చిన్నదైపోయింది.

అమల వరండాలోంచి దిగి వచ్చింది. ఆరుగురు పిల్లలకే సరిపడా కోసింది, తల్లుల మాటే తోచలేదు. "ఆదివారం మళ్లా నగరికి పోతా చిన్నమ్మా," అంది. "బట్టీ కాడ ఎంతమంది ఉండారు ఆడోళ్లు?"

తిరుమలమ్మ వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెట్టింది. ఒక చేతివేళ్లు చాలక రెండో చెయ్యి ఎత్తింది.

శనివారం పెద్దింటి బట్టల రోజు. మునిలక్ష్మి గంప నింపుకుంది. దొడ్డివాకిలి దాకా వచ్చి, గోడవార చిన్నమూట దగ్గర ఆగింది. వంగలేదు. వెనక్కి తిరిగి, "అమ్మా," అని పిలిచింది.

నిర్మలమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"బట్టలన్నీ ఉతుకుతానమ్మా. ఎన్నున్నా ఉతుకుతా. ఈ మూట ఒకటి మాత్రం వద్దమ్మా."

"వద్దంటే? ఇన్నేండ్లు లేంది ఇప్పుడేం వచ్చింది కొత్తగా?"

"నిన్న బళ్లో పిల్లోళ్లకి చెప్పినానమ్మా, ఎవురివి వాళ్లు ఉతుక్కోవాలని. అట్ల చెప్పేసి, మళ్లా నేనే ఈ మూట పట్టుకోని వాళ్ల ఎదురుగా వంకకి పోతే నా మాట మాటగా ఉంటాదా?"

నిర్మలమ్మ మొహం ముడుచుకుంది. "అట్లయితే ఏ మూటా ఎత్తొద్దులే," అంది. "ఆ గంప గూడా ఆడ పెట్టిపో." లోపలికి పోయి తలుపు వేసుకుంది.

గంప దించి మునిలక్ష్మి వీధిలోకి వచ్చింది. నెత్తి మీద బరువు లేకుండా ఆ వీధిలో నడిచి ఎన్నాళ్లయిందో, అడుగులు తడబడ్డాయి. కోతల తర్వాత కళ్లంలో ఆ ఇంటివాళ్లు ఉతికినదానికి కొలిచే వడ్లతోనే సగం ఏడు గడుస్తుంది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం ఏకాంబరం అన్నానికొస్తే చెప్పింది.

"ఏమన్నా తప్పు మాటన్యావా?"

"లేదు."

"అయితే ఇంగేంది," అని ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "పూడి టేషను కాడ కొత్తగా హాస్టలు కట్టినారు. దుప్పట్లు ఉతికేదానికి మనుషులు కావాలంట. అడిగొస్తా," అన్నాడు.

"నేను పోయి నిర్మలమ్మతో మాట్లాడేదా?" అంది అమల.

"వద్దు మే. చెప్పేది నేను చెప్పినా," అంది మునిలక్ష్మి. చెప్పాక, తాను భయపడతాననుకున్నంతగా భయపడటం లేదని తెలిసి ఆమెకే విచిత్రమనిపించింది.

ఆదివారం అమల నగరికి పోయి, కుప్పుస్వామి ఇచ్చిన గుడ్డ భుజాన వేసుకుని వచ్చింది. ఈసారి ఇంట్లో రెండు కత్తెరలు ఆడాయి. సోమవారం ప్రశాంతి బడికొచ్చింది. మంగళవారం, బుధవారం కూడా వచ్చింది.

బుధవారం పదిగంటలప్పుడు పెద్దింటి తోటమాలి వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. "బట్టలు పడుండాయంట. వచ్చి ఎత్తుకోని పొమ్మనింది అమ్మ," అన్నాడు.

"ఇంగేమన్నా చెప్పిందా?"

"ఇంగేం చెప్పలా."

మునిలక్ష్మి పోయింది. కొట్టంలో గంప నిండా బట్టలున్నాయి, శనివారం వదిలినవీ ఆ తర్వాతవీ. నిర్మలమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు. ఆమె కుడిచేతి బొటనవేలి పక్కన, సబ్బు అలవాటు లేని చేతికి లేచే బొబ్బ చిన్నది లేచి ఉంది. మునిలక్ష్మి చూసింది, చూడనట్టే గంప ఎత్తుకుంది.

దొడ్డివాకిలి దగ్గర గోడవార ఏమీ లేదు. వాకిలికీ బావికీ మధ్య కట్టిన తీగె మీద మాత్రం పాత చీర ఒకటి అడ్డంగా వేలాడుతోంది. తడి తగలని పొడిచీర. దాని కింద ఏదో దాచినట్టు ఉబ్బెత్తుగా ఉంది. మునిలక్ష్మి గంప దించింది. చీర అంచు ఎత్తి చూసింది. నాలుగు గుడ్డలు, వరసగా. మరకలు పోయాయి. సరిగా పిండలేదు, అంచుల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా," అంది వాకిట్లోంచే, గొంతు కొంచెం పెంచి. "గుడ్డ మింద గుడ్డ కప్పితే ఆరదు. పైది తీసేస్తా ఉండా."

వంటింట్లో చింతగింజలు పళ్లెంలో పడే చప్పుడు ఆగింది.

"తియ్యి," అంది నిర్మలమ్మ.

మునిలక్ష్మి చీర లాగి మడిచి బావిగట్టు మీద పెట్టింది. నాలుగింటినీ ఒక్కొక్కటిగా మళ్లీ పిండి, మడతలు విప్పి, ఎండకు ఎదురుగా సర్దింది. తర్వాత గంప నెత్తికెత్తుకుని, రెండు చేతులూ వదిలేసి, వంక దారి పట్టింది.